బారువ ఓడ దగ్గరికి దిగితే ఏం కనిపిస్తుంది?

సోంపేట మీదుగా బారువ బీచ్‌కి వెళ్ళినవాళ్ళకి ఊళ్ళో ఎవరో ఒకరు సముద్రం వైపు చెయ్యి చూపించి, అక్కడ ఓ పెద్ద ఓడ మునిగిపోయి ఉందని చెప్పే ఉంటారు. చాలాకాలం ఆ కబురు అక్కడితో ఆగిపోయేది. విశాఖలో స్కూబా డైవింగ్ నిలదొక్కుకుని, డైవర్లు బారువ దాకా వచ్చి ఆ శిథిలాల్ని చూసి వెళ్ళాక కుర్రాళ్ళ నోట కొత్త ప్రశ్న మొదలైంది: మనమూ దిగి చూడొచ్చా?

చూడొచ్చు. ఏం చూస్తామన్నదాంట్లోనే ఉంది పేచీ అంతా. మునిగిన ఓడ అనగానే మనసులో మెదిలేది ఇసుక మీద నిటారుగా కూర్చున్న ఓడ, కిందికి దిగే మెట్లు, వరసగా గదులు, గుండ్రటి కిటికీలు. అలాంటి ఓడలు ప్రపంచంలో ఉన్నాయి. అవి ఉన్న చోటికి మామూలు మనిషి వెళ్ళడం కష్టం. మామూలు మనిషి తేలిగ్గా వెళ్ళగలిగే చోట మునిగిన ఓడలు అలా మిగలవు. లోతు ఓడని కాపాడుతుంది, దిగిన మనిషిని కాపాడదు. ఈ పీటముడి విప్పితే బారువ ఓడ సంగతే కాదు, ఏ ఓడ డైవింగ్ సంగతైనా తెలిసిపోతుంది.

ముందు ఆ ఓడ ఏదో తేల్చుకుందాం

ఓడ పేరు ఎస్.ఎస్. చిల్కా. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ వాళ్ళ ఆవిరి ఓడ. 1917లో నిప్పంటుకుని బారువ దగ్గర మునిగింది. అప్పటికి బారువ మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా కింద ఉండేది. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో.

ఈ కంపెనీ పేరు ఇప్పటివాళ్ళకి కొత్తగా ఉండొచ్చు గానీ మన ముత్తాతలకి కాదు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పనుల కోసం రంగం వెళ్ళిన వాళ్ళలో చాలామంది ఎక్కింది ఈ కంపెనీ స్టీమర్లే. రంగూన్‌ని మనవాళ్ళు రంగం అనే అనేవారు. కళింగపట్నం, భీమునిపట్నం, గోపాలపురం లాంటి రేవుల్లో పెద్ద ఓడ ఒడ్డుకి ఆనుకునే వీలు లేదు. దూరంగా లంగరు వేసి నిలబడితే, కెరటాలు దాటి వెళ్ళే పడవల మీద మనుషుల్నీ బస్తాల్నీ చేరవేసేవారు. ఆ రోజుల్లో ఈ తీరాన ఆవిరి ఓడ కనిపించడం వింతేమీ కాదు.

ఈ ఓడ గురించి రెండు తప్పుడు కథలు తిరుగుతుంటాయి. 1917 అంటే మొదటి ప్రపంచ యుద్ధం రోజులు కాబట్టి జర్మన్లే ముంచారని ఒకటి. మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక ఎమ్‌డెన్ పేరు కూడా ఇందులోకి లాగుతారు. ఎమ్‌డెన్ మద్రాసు మీదకి వచ్చింది 1914 సెప్టెంబరులో. అదే ఏడాది నవంబరులో కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా యుద్ధనౌక దాని పని పట్టేసింది. 1917లో ఓడని ముంచడానికి అది లేనే లేదు. రెండో కథ జపాన్ జలాంతర్గామి ముంచిందన్నది. దీనికి మాత్రం ఓ మూలం ఉంది. పాత చిల్కా పోయాక కంపెనీ అదే పేరుతో ఇంకో ఓడ కట్టించుకుంది. ఆ రెండో చిల్కాని 1942లో హిందూ మహాసముద్రంలో జపాన్ జలాంతర్గామి ముంచింది. ఇంటర్నెట్‌లో వెతికేవాళ్ళు రెండిటినీ కలిపేస్తున్నారు. బారువ ఓడకి ఏ శత్రువూ అక్కర్లేకపోయింది, నిప్పు చాలింది.

ఓడని తినేది ఎవరు?

ఉప్పునీళ్ళలో ఇనుము ఏడాదికి సుమారు పదో వంతు మిల్లీమీటరు చొప్పున తుప్పు పట్టి పోతుందని స్థూలంగా లెక్క. చాలా తక్కువ అనిపిస్తుంది. వందేళ్ళకి అది సెంటీమీటరు. పైగా రేకుకి రెండు పక్కలా నీళ్ళే, అంటే రెండు పక్కల నుంచీ తింటుంది. ఆ కాలం ఓడల ఒంటి రేకు మందం ఒకటి రెండు సెంటీమీటర్లే. అందుకే వందేళ్ళ నాటి ఓడల్లో పలచటి గదుల గోడలు ముందు పోతాయి, తర్వాత పక్కలు విచ్చుకుని పడిపోతాయి. చివరిదాకా నిలిచేవి బాయిలర్లు, ఇంజిను, లంగరు, ప్రొపెల్లర్ కడ్డీ. ఆవిరి ఒత్తిడిని ఆపాలి కాబట్టి బాయిలర్‌ని మందపాటి రేకుతో కట్టేవారు. ప్రపంచంలో ఎక్కడ పాత ఆవిరి ఓడ దగ్గరికి దిగినా డైవర్ ముందు బాయిలర్ కోసం వెతికేది ఇందుకే. అది దొరికితే అక్కణ్ణించి మిగతా ఓడ ఎటు పడి ఉందో ఊహించుకోవచ్చు.

తుప్పు ఒక్కటే అయితే ఓడ ఆకారమైనా కొన్నాళ్ళు ఉండును. అసలు పని కెరటానిది. ఒడ్డున నిలబడి చూస్తే కెరటం నీటి పైపైన కదిలేదిలా కనిపిస్తుంది గానీ, దాని ఊపు కిందికి కూడా పాకుతుంది. రెండు కెరటాల శిఖరాల మధ్య దూరం ఎంతో, అందులో సగం లోతు దాకా నీరు కదులుతూనే ఉంటుంది. నడి సముద్రంలో ఎనిమిది సెకన్లకి ఒకటి చొప్పున వచ్చే మామూలు కెరటాల మధ్య దూరం సుమారు 100 మీటర్లు. అంటే 50 మీటర్ల దాకా దాని ప్రభావం ఉన్నట్టే. కిందికి పోయే కొద్దీ ఊపు వేగంగా తగ్గిపోతుంది కాబట్టి ముప్ఫై మీటర్ల అడుగున ఓడ దాదాపు ప్రశాంతంగా ఉంటుంది. పది మీటర్ల లోపు ఉన్న ఓడని మాత్రం ప్రతి కెరటమూ ముందుకీ వెనక్కీ లాగుతూనే ఉంటుంది. మామూలు రోజుల సంగతి ఇది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటింది పలాస దగ్గరే. ఆ రాత్రి కొబ్బరి తోటలకీ జీడి తోటలకీ ఏం జరిగిందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. నీటి అడుగున ఉన్న ఇనుముకీ అంతకంటే మెరుగైన రాత్రి అయ్యుండదు.

పోల్చి చూడటానికి చిల్కా ఈడు ఓడ ఒకటుంది. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ దగ్గర 1911 మార్చిలో తుఫానులో 122 మందితో సహా మునిగిన యోంగాలా. సముద్రం అక్కడా వెచ్చనే, తుఫాన్లు అక్కడా మామూలే. కాకపోతే అది సుమారు 30 మీటర్ల అడుగున ఉంది. 109 మీటర్ల పొడవున్న ఆ ఓడ ఈనాటికీ ఓడలాగే ఉంది. ప్రపంచం నలుమూలల నుంచి డైవర్లు దాన్ని చూడటానికే వెళ్తారు. చిల్కా ఒడ్డుకి దగ్గరగా, తక్కువ లోతులో పడింది. ఇలాంటి చోట వందేళ్ళు దాటాక మిగిలేది ఓడ కాదు, ఓడ సామాను.

మరి చూడటానికి ఏముంది అంటారా? చేపలు. మన తీరంలో అడుగు చాలాచోట్ల ఇసుక, బురద. అంటుకుని పెరగడానికి గట్టి ఆధారం దొరకని జీవాలకి ఒక్క ఇనుప ముక్క చాలు. ముందు నాచు, గుల్లలు, మెత్తటి పగడాలు పట్టుకుంటాయి. వాటి కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పార, కోనాం లాంటి పెద్దవి వస్తాయి. ఈ సంగతి డైవర్ల కంటే ముందు వేటకి వెళ్ళేవాళ్ళకి తెలుసు. ఓడ ఉన్న చోట గాలం వేస్తే చేప, వల వేస్తే నష్టం. వల ఇనుముకి తగులుకుని చిరిగిపోతుంది.

లోతు పెరిగితే లెక్క మారుతుంది

ఇప్పుడు మనిషి వైపు నుంచి చూద్దాం. నీటిలో ప్రతి పది మీటర్లకీ ఒత్తిడి ఒక బార్ పెరుగుతుంది. పైన గాలిది ఒక బార్. పది మీటర్ల దగ్గర రెండు, ముప్ఫై దగ్గర నాలుగు. సిలిండర్ నుంచి వచ్చే గాలి కూడా ఆ ఒత్తిడికి సమానంగానే రావాలి, లేకపోతే ఊపిరి పీల్చలేం. దానికి మూల్యం సిలిండర్ కడుతుంది.

మామూలుగా వాడే 12 లీటర్ల సిలిండర్‌ని 200 బార్ దాకా నింపితే అందులో 2,400 లీటర్ల గాలి ఉంటుంది. తాపీగా ఈదే మనిషి పైన నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. పది మీటర్ల దగ్గర అది 40, ముప్ఫై మీటర్ల దగ్గర 80. చివరి 50 బార్ ముట్టుకోకుండా దాచుకోవాలన్నది నియమం. అది తీసేస్తే 1,800 లీటర్లు. పది మీటర్ల దగ్గర 45 నిమిషాలు, ముప్ఫై దగ్గర 22 నిమిషాలు. అదీ టెన్షన్ పడకుండా ఉంటేనే. కంగారు పడ్డ మనిషి ఇంతకి రెట్టింపు పీల్చేస్తాడు.

గాలి ఎక్కువ తీసుకెళ్తే సరిపోతుంది కదా అంటే, అక్కడ నైట్రోజన్ అడ్డొస్తుంది. ఒత్తిడి పెరిగే కొద్దీ పీల్చిన నైట్రోజన్ రక్తంలో, కొవ్వులో కరిగి పేరుకుంటుంది. ముప్ఫై మీటర్ల దగ్గర సుమారు ఇరవై నిమిషాలు దాటి ఉంటే నేరుగా పైకి రాకూడదు, మధ్యలో ఆగుతూ ఆ నైట్రోజన్‌ని వదిలించుకోవాలి. తొందరపడితే అది బుడగలై కీళ్ళలో, ఒక్కోసారి వెన్నుపాములో ఇరుక్కుంటుంది. ఇంకా లోతుకి పోతే అదే నైట్రోజన్ కల్లు తాగినంత పని చేస్తుంది. ప్రమాదంలో ఉన్న మనిషికి ప్రమాదంలో ఉన్నానన్న సంగతే తట్టదు. సరదాకి చేసే డైవింగ్‌కి 40 మీటర్లు హద్దుగా పెట్టింది ఇందుకే. మొదటి కోర్సు పూర్తి చేసినవాళ్ళకి 18 మీటర్లే.

పెద్ద ఓడల దగ్గర దీనికి ఇంకో మెలిక కలుస్తుంది. పసిఫిక్‌లో వనువాటు దేశం దగ్గర 1942లో సొంత సైన్యం పెట్టిన మైన్లకే తగిలి మునిగిన అమెరికా ఓడ ప్రెసిడెంట్ కూలిడ్జ్ దాదాపు 200 మీటర్ల పొడవు. ముందు భాగం ఇరవై మీటర్ల దగ్గర ఉంటే వెనక భాగం డెబ్భై మీటర్ల దగ్గర ఉంది. డెక్ పక్కనే ఈదుకుంటూ, ఇదిగో ఇంకొంచెం, అదిగో అక్కడేదో ఉంది అనుకుంటూ పోతే మనిషికి తెలియకుండానే లోతు పెరిగిపోతుంది. పెద్ద ఓడ పన్నే ఉచ్చు ఇదే. అట్లాంటిక్‌లో 1956లో మునిగిన ఇటలీ ఓడ ఆండ్రియా డోరియా సుమారు 75 మీటర్ల అడుగున ఉంది. దాన్ని చూడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న డైవర్లు పదిమందికి పైనే. వాళ్ళేమీ కొత్తవాళ్ళు కారు.

ఇంతకీ లోతు తక్కువైతే క్షేమమేనా? నైట్రోజన్ వరకు చాలా మట్టుకు అవును. ఊపిరితిత్తుల వరకు కాదు. పది మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి ఊపిరితిత్తుల్లోని గాలి రెండింతలు అవుతుంది. ముప్ఫై నుంచి ఇరవైకి వచ్చినప్పుడు పెరిగేది మూడో వంతే. అంటే ఘనపరిమాణం అన్నిటికంటే వేగంగా మారేది ఆఖరి పది మీటర్లలోనే. ఊపిరి బిగబట్టి పైకి తన్నుకొచ్చేవాడికి ఒకటి రెండు మీటర్ల లోతు కూడా చాలు ఊపిరితిత్తి చిరగడానికి. స్కూబాలో మొట్టమొదట నేర్పేది ఊపిరి ఆపొద్దనే. బారువ లాంటి చోట కొత్తవాళ్ళు మరిచిపోయేది సరిగ్గా దాన్నే, "ఇంతేగా లోతు" అనుకుని.

ఓడ లోపలికి వెళ్ళడం వేరే విద్య

బయటి నుంచి ఓడని చూడటానికీ లోపలికి దూరడానికీ పోలికే లేదు. బయట ఇబ్బంది వస్తే పైకి పోవచ్చు. లోపల నెత్తి మీద ఇనుము ఉంటుంది. పైకి పోవాలంటే ముందు వచ్చిన దారినే బయటికి పోవాలి. అందుకే లోపలికి వెళ్ళేవాళ్ళు గాలిని మూడు వాటాలు వేస్తారు: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, ఆపదకి ఒకటి. ఇందాకటి సిలిండర్‌తో ముప్ఫై మీటర్ల దగ్గర అది 800 లీటర్లు, అంటే పోవడానికి పది నిమిషాలు. అంతే.

ఆ పది నిమిషాల్లో ఏమేం కావచ్చంటే, లోపల దశాబ్దాలుగా పేరుకున్న సన్నటి ఒండ్రు, ఈదడానికి కాలికి తొడుక్కున్న ఫిన్ ఒక్కసారి తగిలితే లేచి, టార్చి వెలుగు కూడా కనబడనంతగా కమ్మేస్తుంది. ఫిన్ తగలకపోయినా, మనం వదిలిన బుడగలు పైకి పోయి కప్పుకి కొట్టుకుని తుప్పు పొరల్ని రాలుస్తాయి. ఓడ పక్కకి ఒరిగి ఉంటే గోడ నేలవుతుంది, గుమ్మం అడ్డంగా కిటికీలా కనిపిస్తుంది, మెట్లు పక్కకి తిరిగి ఉంటాయి. వచ్చిన దారి గుర్తుందనుకోవడం భ్రమ. అందుకే గుమ్మం బయటే సన్నటి తాడు కట్టి, రీలు విప్పుకుంటూ లోపలికి వెళ్తారు. కళ్ళు పనిచేయనప్పుడు ఆ తాడు చేతికి దొరికితే బతికినట్టే.

సినిమాల్లో చూపించే గాలి గది సంగతి కూడా చెప్పుకోవాలి. కప్పు కింద చిక్కుకున్న గాలి బుడగలోకి తల పెట్టి ఊపిరి పీల్చుకోవడం. ఇనుము తుప్పు పట్టడానికి ఆక్సిజన్ కావాలి, మూసుకుపోయిన చోట ఉన్న ఆక్సిజన్‌ని అదే వాడేసుకుంటుంది. పాత ఓడలో చిక్కుకుని ఉన్న గాలి పీల్చడానికి పనికొచ్చే గాలి కాదు.

ఇక్కడ బారువ ఓడకి ఒక మంచి మార్కు వెయ్యాలి. విచ్చుకుని పడిపోయిన ఓడలో దూరడానికి లోపల అంటూ పెద్దగా ఉండదు. కొత్తవాళ్ళని చంపే అతి పెద్ద ఆకర్షణని సముద్రమే తీసేసింది.

మన నీళ్ళ గుణం

బదులుగా మన తీరం వేరే పరీక్షలు పెడుతుంది. బారువ దగ్గరే మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది. కిందికి వస్తే కళింగపట్నం దగ్గర వంశధార, ఇంకా కిందికి నాగావళి. వానాకాలంలో ఇవి తెచ్చే ఎర్రమట్టి నీళ్ళలో చెయ్యి చాపితే వేళ్ళు కనబడకపోవచ్చు. తర్వాత అక్టోబరు, నవంబరు తుఫాన్ల రోజులు. కాస్త నమ్మకంగా దిగగలిగేది చలికాలం చివరి నుంచి ఎండలు ముదిరే లోపు. ఆ రోజుల్లో కూడా ముందురోజు గాలి ఎటు వీచిందన్నదాన్ని బట్టి నీటి తేట మారిపోతుంది.

ఒడ్డు దాటడం సగం పని. హార్బర్ లాంటి ఆసరా లేని బీచ్ నుంచి పడవని కెరటాల మీదుగా తోసుకెళ్ళాలి. అది డైవింగ్ సెంటర్ వాళ్ళ విద్య కాదు, మత్స్యకారుల విద్య. ఊరి పడవ, ఊరి మనిషి లేకుండా వచ్చే బృందాన్ని నేనైతే నమ్మను.

అడుగున కెరటాల ఊపు మనిషినీ వదలదు. రెండు మీటర్లు ముందుకి, రెండు మీటర్లు వెనక్కి. పక్కన ఉన్నది తుప్పు పట్టి కత్తిలా తేలిన రేకు, దాని మీద గుల్లలు. గ్లోవ్స్ లేకుండా పట్టుకుంటే చెయ్యి కోసుకుంటుంది. గ్లోవ్స్ ఉన్నాయని పట్టుకుంటే దాని మీద పెరిగిన జీవాలు పోతాయి. పట్టుకోకుండా, ఊపుతో పాటు ఊగుతూ, కాస్త దూరంగా నిలకడగా తేలడం నేర్చుకున్నవాళ్ళే అక్కడికి వెళ్ళాలి. ఇక వలలు. ఓడకి తగులుకుని తెగిపోయిన నైలాన్ వలలు మసక నీటిలో కనపడవు. సిలిండర్ వాల్వ్ వెనక చిక్కుకుంటే మన చెయ్యి అక్కడికి అందదు. డైవర్ కాలికి చిన్న కత్తి కట్టుకునేది దీని కోసం. జతగాడు కూడా అందుకే ఉండాలి.

ఆ ఓడ ఎవరిది?

సముద్రంలో ఉంది కాబట్టి ఎవరిదీ కాదనుకోవద్దు. మునిగిన ఓడ నుంచి ఏదైనా తీస్తే ప్రభుత్వం నియమించిన అధికారికి తెలియజేయాలని మన మర్చంట్ షిప్పింగ్ చట్టం చెబుతుంది. యునెస్కో 2001 నాటి ఒప్పందం అయితే వందేళ్ళకి పైగా నీటిలో ఉన్న మనిషి చేతి పనుల్ని వారసత్వ సంపదగా లెక్కిస్తుంది. ఆ లెక్కన చిల్కా 2017లోనే వందేళ్ళు దాటేసింది. భారత్ ఆ ఒప్పందంలో చేరలేదు. మన పురావస్తు శాఖకి నీటి అడుగు విభాగం 2001 నుంచీ ఉంది గానీ, ఇలాంటి ఆవిరి ఓడలు దాని దృష్టికి వచ్చేసరికి ఇత్తడి ముక్కలు ఎవరింటి షోకేసులోనో చేరుతాయేమోనని నా భయం. 1971 డిసెంబరులో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని చనిపోయిన నావికుల సమాధిగా గౌరవించి మన నేవీ పైకి తీయకుండా వదిలేసింది. శత్రువు ఓడకి ఇచ్చిన మర్యాద, మనవాళ్ళని మోసుకెళ్ళిన కంపెనీ ఓడకి ఇవ్వడం పెద్ద పనేమీ కాదు. ఫొటో తీసుకుని రావడమే కదా.

వెళ్ళాలనుకుంటే

ఈత రాకపోయినా పర్లేదు, మేం పట్టుకుని తిప్పుతాం అనే మాట చాలాచోట్ల వినిపిస్తుంది. స్విమ్మింగ్ పూల్‌లో, నిశ్చలమైన నీటిలో అది సరే. తుప్పు ఇనుము, వలలు, ఊపు ఉన్న చోట సరికాదు. ముందు విశాఖలోనో మరోచోటో మొదటి కోర్సు పూర్తి చేసి, సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని, తేట నీటిలో కొన్నిసార్లు దిగి రండి. ఆస్తమా ఉన్నవాళ్ళు, ఊపిరితిత్తులకి, గుండెకి, చెవికి ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్ని అడగకుండా దిగకూడదు. జలుబు ఉంటే ఆ రోజుకి మానుకోవడమే. చెవి లోపలి గాలి సర్దుకోకపోతే మూడు మీటర్లకే కర్ణభేరి బాధ తెలుస్తుంది.

తీసుకెళ్ళేవాళ్ళని అడగాల్సినవి అడగండి. పడవలో ఆక్సిజన్ సిలిండర్ ఉందా? ఒక గైడ్ ఎంతమందిని తీసుకెళ్తాడు? నీళ్ళు బాగా లేకపోతే డబ్బు వాపసు ఇస్తారా? చివరిది చిల్లర ప్రశ్నలా ఉంటుంది గానీ అదే ముఖ్యం. వాపసు ఇవ్వనివాళ్ళు బురద నీటిలోకి కూడా దింపుతారు. బుడగల జబ్బు వస్తే వైద్యం చేసే ఒత్తిడి గది మామూలు ఆసుపత్రుల్లో ఉండదు. బారువ నుంచి విశాఖ దాకా పోవాలి, అదీ ముందు ఫోన్ చేసి, తీసుకుంటారని తెలుసుకున్నాక. ఆ దారి ఎవరు చూసుకుంటారో ముందే తేల్చుకోండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రోజుల్లో పడవల మీద ఆంక్షలుంటాయి, అడిగి వెళ్ళండి. ఇంకొక్కటి. డైవ్ చేశాక కనీసం పద్దెనిమిది గంటలు విమానం ఎక్కొద్దని అందరూ చెబుతారు, ఒంట్లో మిగిలిన నైట్రోజన్ పైన ఒత్తిడి తగ్గినప్పుడు బుడగలు కడుతుంది కాబట్టి. కొండలెక్కినా వర్తించేది అదే సూత్రం. అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఘాట్ రోడ్డు అంతకంటే పైకి పోయి దిగుతుంది. బారువ నుంచి తిరుగు ప్రయాణంలో అరకు కూడా చూసేద్దాం అనుకునేవాళ్ళు దాన్ని మరునాటికి పెట్టుకోండి.